గర్భశ్రీమంతుల తీరు

తరాలుగా ఆస్తి ఉన్న ఇంట్లో కళ్ళు తెరిచినవాణ్ణి తెలుగులో గర్భశ్రీమంతుడు అంటారు. నిన్నగాక మొన్న కలిగినవాడిది నడమంత్రపు సిరి. మొదటి మాటలో మన్నన ఉంది, రెండో మాటలో ఎత్తిపొడుపు ఉంది. ఆస్తి ఎంత అన్న సంగతి రెండింట్లోనూ లేదు. ఎన్నాళ్ళుగా ఉందన్నదే లెక్క. ఒకే ఊళ్ళో ఇద్దరికి సమానంగా డబ్బున్నా, ఒకరి ఇంటికి వెళ్ళేటప్పుడు జనం చెప్పులు వీధిలోనే వదిలి, మరొకరి ఇంటికి గుమ్మం దాకా వేసుకుపోవడానికి కారణం ఈ తేడాయే. ఖర్చు పెట్టే పద్ధతి, మాట్లాడే తీరు, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టే విధం, ఇచ్చేటప్పుడు చెయ్యి కదిలే వైనం కలిసి ఈ తేడాను తయారుచేస్తాయి. తెలుగునేల మీద దీన్ని పరిశీలించడానికి అన్నిటికంటె అనువైనవి పాత జమీందారీ, సంస్థాన, జాగీరు కుటుంబాలు: సర్కారు జిల్లాల్లో విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, చల్లపల్లి, దక్షిణాన వెంకటగిరి, కాళహస్తి, నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, హైదరాబాద్ నగరంలో సాలార్‌జంగులు, పాయిగా నవాబులు.

ముందుగా తేల్చుకోవలసింది, ఈ పాతదనం ఎంత పాతదన్న సంగతి. ఈ వంశాలన్నీ తమ మూలాలను వందల ఏళ్ళ వెనక్కి చూపిస్తాయి. కొన్నిటి విషయంలో అది నిజం కూడా. కాని 19వ శతాబ్దంలో మనం చూసే జమీందారు మాత్రం 1802లో మద్రాసు ప్రెసిడెన్సీ 25వ రెగ్యులేషన్‌తో పుట్టినవాడు. అంతకుముందు అతని తాత కోట, సైన్యం, కయ్యం ఉన్న మనిషి. 1757లో బొబ్బిలి కోట ముందు విజయనగరం పూసపాటివారికీ బొబ్బిలివారికీ జరిగింది యుద్ధం. 1794లో పద్మనాభం దగ్గర పూసపాటి చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకే ఈ వంశాల వారి చేతిలో కత్తి పోయి కవిలె కట్ట వచ్చింది. ఏటా కట్టవలసిన పేష్కష్‌ను శాశ్వతంగా ఖాయం చేసి, దానికి బదులుగా భూమి మీద శిస్తు వసూలు హక్కును కంపెనీ ఈ వంశాలకు రాసిచ్చింది. సైన్యం పోయిన రాజు ఇంకా రాజులా కనిపించాలంటే మిగిలిన సాధనాలు మర్యాద, దానం, ఉత్సవం, దర్బారు. అందువల్ల గర్భశ్రీమంతుల తీరులో మనం సనాతనమనుకునేది చాలావరకు ఈ కొత్త పరిస్థితిలో గట్టిపడ్డ పద్ధతే. వంశావళులు రాయించుకోవడం, ప్రబంధాలు అంకితం పుచ్చుకోవడం ఈ కాలంలో తగ్గలేదు. యుద్ధం లేని రాజుకు కావ్యం అవసరం మరింత పెరిగింది.

కుటుంబ ప్రతిష్ఠ నాలుగు తరాలకు మించి నిలవదని 14వ శతాబ్దపు అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ సూత్రీకరించాడు: కట్టినవాడు, కట్టినవాణ్ణి చూసినవాడు, చూసినవాణ్ణి అనుకరించినవాడు, చివరికి పోగొట్టినవాడు. తెలుగు సంస్థానాల్లో చాలా వంశాలు ఈ గడువును దాటాయి. దాటడానికి కారణం గుణమని ఆ వంశాలవారు, పుణ్యమని పురోహితులు చెబుతూ వచ్చారు. అసలు కారణం న్యాయశాస్త్రంలో ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో కొడుకులందరికీ వాటా ఉంటుంది. అలా పంచుకుంటూ పోతే మూడు తరాల్లో పెద్ద జమీ నాలుగు ఊళ్ళ కమతమైపోతుంది. రాజ్యంలాంటి ఎస్టేటును పంచకూడదు, పెద్దకొడుక్కే దక్కాలి అన్న ఆచారాన్ని కోర్టులు గుర్తించిన చోట్ల సంపద నిలిచింది, గుర్తించని చోట్ల చెదిరింది. నూజివీడు దీనికి కళ్ళెదుటి ఉదాహరణ. ఆ ఎస్టేటు పంచుకోదగినదేనని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చడంతో మేకావారి జమీ ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, మేడూరు, కపిలేశ్వరపురం, ఎలమర్రు ఎస్టేట్లుగా ముక్కలైంది.

పిఠాపురం కథ మరోలా నడిచింది. దత్తత వచ్చిన కొడుకుకూ, వీలునామా ద్వారా ఎస్టేటు పొందిన కొడుకుకూ మధ్య వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1899లో తీర్పు వచ్చింది. విభాగానికి లొంగని ఎస్టేటయినా, దాన్ని అనుభవించే రాజు తన ఇష్టప్రకారం దాన్ని ఇవ్వవచ్చు, రాయవచ్చు అన్నది సారాంశం. జమీందార్ల ఇళ్ళల్లో గుబులు పుట్టింది. ఒక్క దుబారా మనిషి చేతిలో పడితే వంశం మొత్తం వీధిన పడుతుంది కదా. ఆ భయంలోంచే 1904 మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం వచ్చింది. జాబితాకెక్కిన ఎస్టేట్లను ఏ ఒక్క తరమూ అమ్మి తినడానికి వీల్లేకుండా కట్టడి చేసింది. తరతరాల సంపద తనంతట తాను నిలవదు, దాన్ని నిలబెట్టే చట్టం కావాలి అన్న సంగతిని ఈ రెండు ఎస్టేట్లు చెప్పినంత స్పష్టంగా ఏ సిద్ధాంతగ్రంథమూ చెప్పలేదు.

ఎస్టేటును పంచకూడదన్న ఈ పద్ధతి ఇంటి లోపలి స్వభావాన్ని కూడా తీర్చింది. పెద్దకొడుకు రాజు, మిగతావాళ్ళు మనోవర్తి మీద బతికే దొరలు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే పంక్తిలో తిని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరికి తక్కినవారు ఒక వయసు దాటాక లేచి నిలబడాలి. ఈ అసమానతను రోజూ మింగడానికి పనికొచ్చేది మర్యాదే. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరి పల్లకీ ముందు నడవాలి, దసరా దర్బారులో ఎవరి నజరు తర్వాత ఎవరిది అన్న నియమాలు బయటివాళ్ళకు వేడుకలా కనిపిస్తాయి గాని, ఇంట్లోవాళ్ళకు అవి ఆస్తి పంపకానికి బదులు. ఈ సర్దుబాటు విఫలమైన చోట మిగిలింది కోర్టు. 1897లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి మరణించాక వారసత్వ దావా ఏళ్ళ తరబడి నడిచింది. రాజు సోదరి రీవా మహారాణి దగ్గర ఉద్యోగంలో ఉన్న గురజాడ అప్పారావు తన జీవితంలోని మంచి కాలాన్ని ఆ దావా కాగితాల మీద ధారపోశాడు. ఒక కోర్టు వ్యాజ్యం తెలుగు సాహిత్యానికి ఎన్ని నాటకాల నష్టం చేసిందో లెక్క కట్టడం కష్టం.

ఈ కుటుంబాల విలువల్లో మొదటిది దానం. అయితే దీన్ని నేటి అర్థంలో దాతృత్వమనుకుంటే పొరపాటు. దక్షిణాది జమీలను పరిశోధించిన నికొలస్ డర్క్స్, పమేలా ప్రైస్, దక్కన్ సంస్థానాల మీద 2007లో పుస్తకం తెచ్చిన బెంజమిన్ కోహెన్ తమ తమ దారుల్లో ఒక చోటికే వస్తారు: ఇవ్వడం రాజరికంలో భాగం. ఇచ్చేవాడే రాజు, ఇవ్వడం మానినరోజు అతను పెద్ద రైతు మాత్రమే. తూమాటి దొణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణ గురించి చేసిన పరిశోధన చూస్తే ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళు ఎంత విస్తారంగా, ఎంత పద్ధతిగా సాగాయో తెలుస్తుంది.

ఒక పండితుడు సంస్థానానికి వచ్చిన సందర్భాన్ని దగ్గరగా చూడవచ్చు. ఆయన సరాసరి రాజును కలవడు. సత్రంలో దిగుతాడు, దివాణం గుమాస్తాకు కబురు వెళ్తుంది, రెండు మూడు రోజులు సంస్థానం ఖర్చు మీద భోజనం. పిలుపు వచ్చాక సభ. ఆయన పద్యాలు చదువుతాడు, ఆస్థాన విద్వాంసుడు ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు, రాజు మధ్యలో ఒకే ఒక్క పద్యాన్ని మళ్ళీ చదవమంటాడు. ఆ అడగడంలోనే రసికత బయటపడుతుంది. మంచి పద్యాన్ని వదిలి చప్పటి పద్యాన్ని మళ్ళీ చదివించుకున్న రాజు పేరు పక్క సంస్థానం దాకా పాకుతుంది. చివర వెండి పళ్ళెం వస్తుంది. అందులో తమలపాకులు, వక్కలు, మడత విప్పని శాలువ, దాని మీద నూట పదహారు రూపాయలు. రాజు పళ్ళేన్ని ముట్టుకుంటాడు. మోసి అందించేది వేరొకరు. డబ్బు చేతిలోంచి చేతిలోకి పోదు, ఎవరూ లెక్కపెట్టరు. మొత్తం సున్నాతో ముగియకూడదు, అందుకే నూటపదహార్లు, వెయ్యిన్నూటపదహార్లు. దివాణం పద్దులో అది వార్షికంగా ఎక్కితే మరుసటి ఏడు అంతకు తగ్గించడానికి లేదు. తగ్గిస్తే కవికి అవమానం, రాజుకు అంతకంటె పెద్ద అవమానం. విద్వద్గద్వాల అని పేరు పొందిన సంస్థానంలో మాఘమాసంలో ఇలాంటి పండిత సభలు ఏటా జరిగేవి. తమను ఓడించినవారుంటే మీసాలు తీయించుకుంటామని సవాలు చేస్తూ తిరుపతి వేంకట కవులు సంస్థానం తర్వాత సంస్థానం తిరిగింది ఈ ఏర్పాటు ఉండబట్టే. దర్పమంతా రాజుదే అనుకోవడానికి లేదు.

19వ శతాబ్దం చివరికి దానం రూపం మారింది. శాలువతో పాటు కళాశాల వచ్చింది. విజయనగరంలో పూసపాటివారి పాఠశాల 1879లో కళాశాల అయింది. 1919లో సంగీత కళాశాల వెలిసింది. దానికి మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. తర్వాత ఆ స్థానంలోకి వచ్చినవాడు వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవారే. తెలుగు సినిమా పాట వినే ప్రతి ఇంట్లోనూ ఆ జమీందారీ శిస్తు తాలూకు ఒక పైసా మోగుతూనే ఉంది. పిఠాపురం సూర్యారావు బహద్దరు కాకినాడ కళాశాలను, అనాథ శరణాలయాన్ని పోషించాడు. ఆయన పేరు మీదనే సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. తన గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గిన ఈ రాజు, సంప్రదాయ దానానికీ ఆధునిక సంస్కరణకూ మధ్య వంతెన. జయపురం విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చాడు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు ఇద్దరూ చేయి వేస్తేనే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిలబడింది.

ఈ విలువల్లోని వైరుధ్యాన్ని దాచిపెట్టి లాభం లేదు. భాషానిలయానికి ప్రాణం పోసిన మునగాల పరగణాలోనే తర్వాతి కాలంలో జమీందారుకు వ్యతిరేకంగా రైతులు ఉద్యమించారు. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామ ప్రసాద్ సారథి ఫిలింస్‌కు పెట్టుబడి పెట్టాడు; ఆ సంస్థ 1938లో అస్పృశ్యత మీద 'మాలపిల్ల', 1939లో జమీందారీ పీడన మీద 'రైతుబిడ్డ' తీసింది. జమీందారు డబ్బుతో తీసిన జమీందారీ వ్యతిరేక చిత్రం మీద ఇతర జమీందార్లు మండిపడ్డారు. చల్లపల్లి జమీలోనే భూమి కోసం పోరాటాలు నడిచాయి. ఇవ్వడంలో ధారాళంగా ఉన్న చెయ్యి వసూలులో మెత్తబడదు, ఎందుకంటే రెండింటి వెనకా ఉన్నది ఒకే పద్దు. పేష్కష్ 1802లో ఖాయమైపోయింది. 1852లో ధవళేశ్వరం దగ్గర, 1855లో బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచాక డెల్టా భూముల విలువ పెరిగింది, ధరలు పెరిగాయి, రైతు నుంచి రాబట్టగలిగింది పెరిగింది. సర్కారుకు కట్టేది మాత్రం అక్కడే ఉంది. ఈ తేడాలో కళాశాలలు, వీణలు, శాలువలు అన్నీ ఇమిడాయి. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీల విచారణకు ఏర్పడ్డ కమిటీ 1938లో నివేదిక ఇస్తూ ఈ పద్దునే నిలదీసింది.

మర్యాదల్లో అన్నిటికంటె సూక్ష్మమైనది భాష. దివాణంలో అవును అన్న మాట లేదు, 'చిత్తం' ఉంది. కాదు అన్న మాట అసలే లేదు. రాజావారు 'చూద్దాం' అంటే కాదని, 'ఆలోచిద్దాం' అంటే ఎప్పటికీ కాదని దివానుకు తెలుసు. ఎదుటివారు రారు, విచ్చేస్తారు, తినరు, ఆరగిస్తారు, కూర్చోరు, ఆసీనులవుతారు. 'దయచేయండి' అన్న మాట తమాషా అయినది. వచ్చేవాడికి అది లోపలికి రమ్మని, కూర్చున్నవాడికి ఇక వెళ్ళమని. ఒకే మాటతో రెండు పనులూ చేసే తెలివి మర్యాదది. పంపేయడానికి తాంబూలం మరో సాధనం. హైదరాబాద్ దేవిడీల్లో అత్తరు, పాన్ వచ్చాయంటే ములాఖాత్ ముగిసినట్టే. సర్కారు జిల్లాల్లో తాంబూలం పళ్ళెం అదే పని చేసింది. అతిథిని లేవమని చెప్పే అవసరం ఇంటివారికి రాకూడదు, లేవాలని అతిథికి తెలియకపోనూ కూడదు. ఈ సంకేతం అర్థంకాక పాన్ నములుతూ కూర్చుండిపోయినవాడు నడమంత్రపు సిరివాడని ఆ క్షణాన తేలిపోయేది.

స్వరం పెంచకపోవడం, తొందర చూపకపోవడం, ధర అడగకపోవడం ఈ మర్యాదల్లో మిగిలిన ముఖ్యాంశాలు. ధర అడిగేది గుమాస్తా పని. నౌకరు ముందు కోపం చూపడం చిన్నతనం. వీటన్నిటినీ పిల్లలకు నేర్పింది ఎక్కువగా స్త్రీలు, నౌకర్లు. ఘోషాలో ఉన్న రాణులు బయటి లోకానికి కనిపించకపోయినా, దత్తతలు ఖాయం చేసింది, సంబంధాలు కలిపింది, ఏ నోముకు ఎవరికి ఏ చీర ఇవ్వాలో నిర్ణయించింది వాళ్ళే. వారసుడు మైనరైనా, అసలు వారసుడే లేకపోయినా సంస్థానాన్ని నడిపిన రాణులున్నారు. గద్వాల ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు అందులో ముందుంటుంది. రాజుల గురించి వచ్చిన పుస్తకాల్లో ఈ స్త్రీలకు దక్కిన చోటు వారు చేసిన పనికి ఏమాత్రం సరిపోదు.

తండ్రి చనిపోయి వారసుడు చిన్నవాడైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలోకి పోయేది. అప్పుడు మర్యాదల్లో మరో పొర చేరేది. అప్పులు తీర్చడం, లెక్కలు సరిచేయడం సర్కారు చేసేది. పిల్లవాణ్ణి ఇంగ్లీషు దొరలా తీర్చడం కూడా తన పనే అనుకునేది. మద్రాసు న్యూయింగ్టన్ బంగళా మైనరు జమీందార్ల బడి. గుర్రపు స్వారీ, టెన్నిస్, ఛురీ కాంటాలతో భోజనం అక్కడ పాఠాలు. అక్కడి ప్రిన్సిపాల్ 1919లో హత్యకు గురయ్యాడు. ఆ వ్యవస్థ లోపల అంతా సజావుగా లేదని అప్పుడు బయటపడింది. ఈ కొత్త చదువు ఒక కొత్తరకం దొరను తయారుచేసింది. విజయనగరం చిన్న రాజకుమారుడు విజయానంద గజపతి, క్రికెట్ లోకానికి విజ్జీ, 1930–31లో సొంత ఖర్చుతో జాక్ హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను భారతదేశానికి రప్పించాడు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆటలో ఆ స్థానానికి తగినవాడని ఆనాడూ ఈనాడూ ఎవరూ అనలేదు. పద్యం వినడం తెలియని రాజును చూసి నవ్వే సమాజం, బ్యాటు పట్టడం అంతంతమాత్రమైన రాజును కెప్టెన్‌గా సహించడం ఆ పొర ఎంత పలచనిదో చెబుతుంది.

జీవనశైలి దగ్గరికి వస్తే ఒక ప్రచారంలో ఉన్న అభిప్రాయాన్ని సవరించుకోవాలి. పాత డబ్బు నిరాడంబరంగా ఉంటుంది, కొత్త డబ్బు ఆర్భాటం చేస్తుంది అంటారు. అమెరికా సంపన్నుల ఆడంబర వినియోగం గురించి 1899లో థార్‌స్టీన్ వెబ్లెన్ రాశాక, 1979లో పియర్ బూర్దియూ ఫ్రెంచి సమాజంలో అభిరుచికీ వర్గానికీ ఉన్న లంకెను విప్పాక, ఈ విభజన స్థిరపడిపోయింది. తెలుగు సంస్థానాలకు ఇది సరిగ్గా అతకదు. ఇక్కడ ఆర్భాటం పదవిలో భాగం. దసరా ఊరేగింపులో ఏనుగు లేకపోతే అది పొదుపు అనిపించుకోదు, రాజ్యలోపం అనిపించుకుంటుంది. నిరాడంబరత ఉన్నది వ్యక్తిగత జీవితంలో. తన కోసం తక్కువ, తన గద్దె కోసం ఎక్కువ అన్నది లెక్క.

ఈ లెక్క కుదరని చోటు హైదరాబాద్. పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా అతని తాహతుకు మించిపోయి చివరకు ఆరో నిజాం చేతికి వెళ్ళింది. నూటొక్కమంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్లతో సహా అది 2010 నుంచి హోటలు. దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను కొన్నాడు; అతని మనవడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా గడియారాలు, కత్తులు, పింగాణీ, రాతప్రతులు పోగుచేసి 1949లో వారసులు లేకుండా చనిపోయాడు. ఇటువైపు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1937 ఫిబ్రవరిలో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా వేసిన ఈ ప్రపంచ కుబేరుడు పాత టోపీ, నలిగిన షేర్వాణీలతో గడిపాడు. తండ్రి బూటులో దొరికిన జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా వాడాడు. నగరం ఆయన పిసినారితనం మీద లెక్కలేనన్ని కథలు చెప్పుకుంది. ఆ వజ్రంతో సహా 173 నిజాం నగలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఒకే నగరంలో ఇద్దరు గర్భశ్రీమంతులు. ఒకరు కొనకుండా ఉండలేకపోయారు, ఒకరు విప్పి చూపించలేకపోయారు. పాత డబ్బుకు ఒకే శైలి ఉందనేవారు వీరిద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ ఇళ్ళ అభిరుచి చేతివృత్తుల మీద వేసిన ముద్ర మాత్రం ఎక్కడికక్కడ స్పష్టంగా ఉంటుంది. వెంకటగిరి సన్ననూలు చీర, నూలు ఒంటికి పట్టు అంచు కలిపిన గద్వాల చీర, పనస మొద్దును తొలిచి ఒకే చెక్కతో చేసే బొబ్బిలి ఏకాండి వీణ, అన్నీ రాజుగారి ఇంటి కోసం మొదలై ఊరి పేరుగా మిగిలినవి. కొత్తది కావాలని అడగని కొనుగోలుదారు చేతివృత్తికి వరం. అదే చీర, అదే అంచు, ఇంకాస్త బాగా: తరాల సంపద చేతిపనివాడిని అడిగింది ఇదే.

తెలంగాణ గడీల దగ్గర ఈ చిత్రం రంగు మారుతుంది. అక్కడి దేశ్‌ముఖ్‌ల సంపదా తరాలదే. కాని గడీ మర్యాద అంటే కింది కులాలు గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడవడం. 'నీ బాంచన్ కాల్మొక్త' అనడం. కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ అందరూ దొర ఇంటికి కూలి లేకుండా వెట్టి చేయడం. వినయం ఒకవైపే ప్రవహించే మర్యాద అది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తూటాకు 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఊళ్ళు తిరగబడ్డాయి, ఆ తిరుగుబాటు సాయుధ పోరాటంగా 1951 దాకా నడిచింది. సంస్థానాల సాహిత్యసేవను కొనియాడే రచనలూ, గడీల దౌర్జన్యాన్ని నమోదు చేసే రచనలూ వేరువేరు అల్మరాల్లో ఉండిపోవడం ఈ విషయం మీద వచ్చిన రచనల్లో పెద్ద లోపం. విజయనగరం శాలువా, విసునూరు కొరడా ఒకే తరహా భూవ్యవస్థలోవి. తేడా స్థాయిలోనూ, సర్కారు పర్యవేక్షణలోనూ ఉంది.

సాహిత్యం ఈ రెండు చూపుల్నీ పట్టుకుంది. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'లో జమీ క్షీణించడమంటే ధర్మం క్షీణించడమే. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో దొర పతనం ఊరికి ఊపిరి. గురజాడ దారి మూడోది. కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ లెక్కలు తీయించిన ఆనంద గజపతికే ఆయన తన 'కన్యాశుల్కం' నాటకాన్ని అంకితమిచ్చాడు. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో 1,034 అలాంటి పెళ్ళిళ్ళు తేలాయని ముందుమాటలో నమోదైంది. ప్రభువును పొగిడే అంకితం కింద సంఘాన్ని ఎండగట్టే నాటకం. సంస్థానం ఇవ్వగలిగిన స్వేచ్ఛ ఎంతో ఆ పుస్తకం చూపుతుంది. దాని హద్దులు ఎక్కడో కూడా చూపుతుంది, ఎందుకంటే నాటకంలో వేశ్య, లాయరు, పురోహితుడు, హెడ్డు కానిస్టేబులు అందరూ ఉన్నా జమీందారు మాత్రం లేడు.

రాజకీయాల్లో ఈ వర్గం వెలుగు కొద్దికాలమే. కాళహస్తి సంస్థాన కుటుంబానికి చెందిన పానగల్ రాజా 1921 నుంచి 1926 దాకా, బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు 1932 నుంచి 1937 దాకా చిన్న విరామంతో మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రులయ్యారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను సొంత గడ్డ మీదే కార్మిక నాయకుడు వి.వి. గిరి ఓడించాడు. పల్లకీ మోసినవాడికి ఓటు వచ్చాక మర్యాద సరిపోలేదు. పదకొండేళ్ళకు 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, మరుసటి ఏడాది హైదరాబాద్ జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చాయి. నష్టపరిహారం చిన్న ఎస్టేట్లకు ఎక్కువ రెట్లు, పెద్దవాటికి తక్కువ రెట్లు. రాజభరణాల రద్దుతో జమీందార్లు చితికిపోయారని చాలామంది అంటారు, అది పొరపాటు. 1971లో రద్దయిన రాజభరణాలు నిజాం, బనగానపల్లె నవాబు వంటి దేశీయ సంస్థానాధీశులవి. విజయనగరం, పిఠాపురం జమీందార్లకు అవి ఎన్నడూ లేవు.

రద్దు తర్వాత ఏ కుటుంబం నిలిచిందన్నది అది మర్యాదలను ఎంత పాటించిందన్న దానిమీద కాక, శిస్తును వేరే దేనిగా మార్చుకుందన్న దానిమీద తేలింది. మీర్జాపురం రాజా సినిమాలోకి వెళ్ళి శోభనాచల సంస్థ నడిపి 1949లో 'కీలుగుర్రం' తీశాడు. ముక్త్యాల రాజా కృష్ణ మీద ప్రాజెక్టు కావాలని తిరిగి తిరిగి, 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన చూశాడు. వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ అయింది. సాలార్‌జంగ్ పోగుచేసినదంతా 1951 డిసెంబరు 16న మ్యూజియంగా తెరుచుకుంది. పుస్తకాలు, వెండి, అద్దాలు అమ్ముకుంటూ వీధి గది అద్దెకిచ్చి బతికిన కుటుంబాలు మరెన్నో. వాళ్ళ ఇళ్ళల్లో వచ్చినవాడికి చిట్లిన పింగాణీ కప్పులో అయినా మొదట కాఫీ, తర్వాతే మాట అన్న నియమం చివరిదాకా నిలిచింది.

విజయనగరం పూసపాటివారు ఇంకో దారి తొక్కారు. సోషలిస్టు అయిన పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను, భూములను విద్యాసంస్థలకు అప్పగించాడు. సింహాచలంతో సహా వందకు పైగా దేవాలయాలకు ఆ కుటుంబం అనువంశిక ధర్మకర్త. 2020లో ట్రస్టు అధ్యక్ష స్థానం మీద కుటుంబంలోనే తగాదా లేచి హైకోర్టుకు ఎక్కింది. ఆ స్థానంలో ప్రభుత్వం చేసిన నియామకాన్ని 2021లో కోర్టు కొట్టేసింది. నూట ఇరవై ఏళ్ళ కిందట అదే ఇంట్లో దావా ఎస్టేటు ఎవరు అనుభవించాలని. ఈసారి దావా ఎస్టేటులోంచి దానం చేసినదాన్ని ఎవరు నిర్వహించాలని.

విజయనగరంలో ఏటా దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. పొడవాటి మాను చివర ఆసనంలో పూజారి కూర్చుంటాడు. ఆ మాను ఉన్న రథం మూడులాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా వెళ్ళి తిరిగి వస్తుంది, అలా మూడుసార్లు. కోట బురుజు మీద పూసపాటివారు కూర్చుని చూస్తారు. సిరిమాను కోట ముందుకు వచ్చినప్పుడు పూజారి వారిని ఆశీర్వదిస్తాడు. ఆ బురుజు వెనక గదుల్లో మర్నాడు డిగ్రీ విద్యార్థులకు తరగతులు ఉంటాయి.